పావురాల పేజీలో మా నానమ్మ

ఉదయ్ భాస్కర్ మీద నాకు అసూయ లేదంటే మీరెలాగూ నమ్మరు. అందుకని ఉందనే చెప్పేస్తున్నాను. నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు తొమ్మిదో అంతస్తులో ఉంటుంది. నా అసూయ పన్నెండో అంతస్తు దాకా ఉంటుంది. పై మూడు అంతస్తులూ వేరే కంపెనీలవి. వాళ్ళింకా ఫిర్యాదు చేయలేదు.

కారణం పావురాలు.

ఉదయ్ భాస్కర్ మా టీములో చేరి రెండు నెలలైంది. కాకినాడ మనిషి. తల్లి కనకలక్ష్మి గారితో నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. ఎండాకాలం కదా, ఆవిడ మేడ మీద పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెడుతుంది. ఆవిడ పిండి ఉడికించే ముందే నల్లగండ్ల పావురాలకు సమాచారం అందుతుంది. అందుకని ఉదయ్ భాస్కర్ మేడ మీద ఒక కెమెరా, ఒక చిన్న స్పీకరు పెట్టాడు. ఆ రెండింటినీ ఇంట్లో రాత్రీపగలూ నడిచే ఒక చిన్న కంప్యూటరుకు తగిలించాడు. దాన్ని ఆఫీసులో కూర్చుని తెరుస్తాడు. తెర మీద మేడ, చీర, వడియాలు, పావురాలు. కింద ఒక బటన్. బటన్ నొక్కితే అక్కడ స్పీకరులో చప్పట్లు మోగుతాయి. పావురాలు లేచిపోతాయి.

అంతే. ఇందులో ఏమీ లేదు. కానీ ఒంటిగంట కొట్టేసరికి పదిహేను మంది ఇంజనీర్లు అతని సీటు చుట్టూ మూగి ఊపిరి బిగబట్టి నిలబడతారు. నా సీటు దగ్గర జనం మూగింది ఒకే ఒక్కసారి. అప్పుడు నా నెత్తిన ఏసీ నీళ్ళు కారుతున్నాయి.

అలా మూగినవాళ్ళలో హర్షిణి ఉండటమే అసలు బాధ.

హర్షిణి, నేను రెండేళ్ళ నాలుగు నెలలుగా క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల దగ్గర కలిసి తింటున్నాం. ఆమె డబ్బాలోంచి సగం నాకు, నా డబ్బాలోంచి సగం ఆమెకు. నేను మాట్లాడతాను, ఆమె వింటుంది. చార్మినార్ గడియారం నేనే ఒకసారి రిపేరు చేశానని చెప్పినా విన్నది. అలాంటి మనిషి ఒకరోజు రాలేదు. వెళ్ళి చూస్తే ఉదయ్ భాస్కర్ కుర్చీలో కూర్చుని ఉంది. డబ్బా ఒళ్ళో, వేలు బటన్ మీద.

"తినేటందుకు వస్తలేవా?" అన్నాను.

"జర ఆగు ఓంకార్. గా తెల్లది చూడు, దానికి సిగ్గే లేదు. మూడుసార్లు కొట్టినా పోతలేదు."

"హర్షిణి గారూ, కొంచెం ఆగి నొక్కండి. అది మొదటి చప్పుడుకి అలవాటు పడిపోయిందండీ," అన్నాడు ఉదయ్ భాస్కర్. పక్కన నిలబడి, తన కుర్చీ ఆమెకిచ్చి, చేతులు కట్టుకుని. దొంగ వినయం అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది నిజం వినయమని. ఇంకా మండింది.

పదకొండు రోజులు ఒక్కణ్ణే తిన్నాను. పన్నెండో రోజున ఎదురుగా ఉండే ఖాళీ కుర్చీని కూడా ఎవరో తీసుకుపోయారు. ఆ రోజే నిర్ణయించుకున్నాను. నాకూ ఇంట్లో అలా రాత్రీపగలూ నడిచే ఒక కంప్యూటరు, అంటే ఒక సర్వర్, కావాలి. దాన్ని ఆఫీసులో నా సీటులోంచి తెరవాలి. హర్షిణి వచ్చి నా కుర్చీలో కూర్చోవాలి.

మా ఇల్లు లింగంపల్లిలో, రైల్వే స్టేషను వెనక. మా నాన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి అటక మీద ఉంది. తెర పగిలింది, మూత ఊడింది, మిగతాదంతా బ్రహ్మాండంగా ఉంది. దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, ఒక కెమెరా, మైకు, స్పీకరు తగిలించాను. మరి చూపించేదేమిటి? మాకు వడియాలు లేవు. మేడ ఇంటి ఓనరుది. పావురాలను మించినది మా ఇంట్లో ఒక్కటే ఉంది. అది మా నానమ్మ సక్కుబాయి.

మా నానమ్మది నానక్‌రామ్‌గూడే. ఇప్పుడు మా ఆఫీసు కాఫీ మిషను ఉన్నచోట ఆమె జొన్న కోసింది. అయితే కాఫీ మిషను గాలిలో తొమ్మిది అంతస్తుల పైన ఉంది కాబట్టి సరిగ్గా అక్కడే అని చెప్పలేను. ఆమె మాట్లాడటం మొదలుపెడితే వినడానికి ఎంఎంటీఎస్ రైలు కూడా ఆగుతుంది. లింగంపల్లి చివరి స్టేషను కాబట్టి ఎలాగూ ఆగాలనుకోండి.

"నానమ్మా, గీ బెల్లు మోగినప్పుడు వచ్చి గీ కుర్చీల కూసో. ఏదన్న మాట్లాడు," అన్నాను.

"ఎవలతోని?"

"మా ఆఫీసోళ్ళతోని."

"ఆళ్ళు నాకు ఇనబడ్తరా?"

"ఇనబడరు. నువ్వే ఆళ్ళకు ఇనబడ్తవు."

"గట్లయితె మంచిదే. మీ తాతతోని గూడ గట్లనే ఉంటుండె."

వంటింట్లోంచి మా అమ్మ రేఖ తొంగిచూసింది. "గిదంత ఎందుకురా? వీడియో కాల్ చెయ్యరాదు?"

"వీడియో కాల్ అందరు చేస్తరమ్మా."

అసూయకు వీడియో కాల్ సరిపోదని మా అమ్మకు చెప్పినా అర్థం కాదు. నానమ్మకు మాత్రం చెప్పకుండానే ఏదో అర్థమైంది. కూర్చోబెట్టి అడిగింది. చెప్పనన్నాను. పది నిమిషాల్లో హర్షిణి పేరు, కిటికీ పక్క బల్ల, పావురాలు, తెల్ల పావురం, అన్నీ కక్కేశాను. పోలీసులకు మా నానమ్మ లాంటి మనిషి ఒక్కరుంటే హైదరాబాదులో స్టేషన్లు సగం మూసేయొచ్చు.

ఇప్పుడు సర్వర్ సంగతి. ఇంట్లో ఉన్నప్పుడు అది చక్కగా తెరుచుకుంది. ఇల్లు దాటి నాలుగడుగులు వేస్తే లేదు.

ఇంటర్నెట్ కనెక్షను చూసే ఆంజనేయులు అన్నను పిలిపించాను. మెడలో వైరు చుట్టలు, చేతిలో నిచ్చెన.

"అన్నా, బయటి నుంచి మా ఇంట్ల కంప్యూటర్ తెరవాలె. పోర్టు జర ఖోల్ చెయ్యి."

"ఏ పోర్టు తమ్ముడూ? నీకు సొంత అడ్రసే లేదు."

"ఇంటి నంబరున్నది కదనే."

"అది పోస్టోనికి. ఇంటర్నెట్ల మీ కాలనీ మొత్తానికి ఒకటే అడ్రసు. బయటి నుంచి ఎవడన్న వస్తే మా ఆఫీసు కాడికి వచ్చి నిలవడ్తడు. ఏ ఇంటికి పోవాల్నో వానికి ఎరుక లేదు, మాకు చెప్పే పని లేదు." నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. "నీ అంతల నువ్వు బయటికి పో. ఎంత దూరమన్న పో. బయటోడు లోపటికి రావుడు మాత్రం కుదరదు."

ఇక్కడ ఇలా ఉంటే ఆఫీసులో ఇంకో కథ. కంప్యూటర్ల మధ్య మాటలు వెళ్ళే తలుపులను పోర్టులంటారు. మొత్తం అరవై అయిదు వేల చిల్లర తలుపులు. మా ఆఫీసువాళ్ళు వాటిలో మామూలు వెబ్‌సైట్లు చూసే ఒక్క తలుపు ఉంచి మిగతా అన్నిటికీ తాళాలు వేశారు. ఆ తాళాలు వేసినాయనకు రాత్రి కలలో కూడా ఎవరూ రాలేరని చెప్పుకుంటారు.

ఇవన్నీ తెలిసి కూడా నేనొక తప్పు చేశాను. ఇంట్లో రౌటరులో ఏవో నాలుగు మార్పులు చేసి, పనిచేస్తుందనే నమ్మకంతో హర్షిణిని ఒంటిగంటకు నా సీటుకు పిలిచాను. వచ్చింది. కూర్చుంది. నేను పేజీ తెరిచాను. తెల్లటి తెర మీద ఒక సున్నా తిరగటం మొదలుపెట్టింది.

ఒక నిమిషం చూసింది. "ఇదేనా నువ్వు చూపిస్తనన్నది?"

"జర ఆగు."

"పావురాలన్న ఎగురుతయి ఓంకార్. ఇది ఉన్నకాడనే తిరుగుతున్నది."

అప్పుడే అటు వెళ్తున్న ఉదయ్ భాస్కర్ ఆగాడు. ఆగకుండా వెళ్ళిపోతే ఎంత బాగుండేది.

"బయటి నుంచి ఇంట్లోకి వెళ్ళాలని చూస్తే కుదరదండీ. మాకూ నల్లగండ్లలో ఇదే గొడవ. ఇంటినే బయటికి రమ్మనాలి," అన్నాడు. "మధ్యలో ఒక సర్వీసు ఉంటుంది. ఇంట్లో కంప్యూటరు తనంతట తనే దాని దగ్గరికి వెళ్ళి, లైను పట్టుకుని కూర్చుంటుంది. వెళ్ళడానికి అడ్డేం లేదు కదండీ. ఇక్కడి నుంచి మనం మామూలు వెబ్‌సైటు చూసినట్టే, ఆ ఒక్క తలుపులోంచే అదే సర్వీసు దగ్గరికి వెళ్తాం. ఆ సర్వీసే రెండు వైపులనీ కలిపేస్తుంది. ఇంటినీ ఎవరూ బద్దలు కొట్టక్కర్లేదు, ఆఫీసునీ కొట్టక్కర్లేదు."

హర్షిణి నా వైపు తిరిగింది. "ఎంత సాఫ్‌గ చెప్పిండో చూడు."

"నాకు తెలుసు," అన్నాను. నాకు తెలిసింది ఆ క్షణంలోనే.

"మీకు రాసిస్తానుండండి, హర్షిణి గారూ. మీ ఇంట్లో కూడా పెట్టుకోవచ్చు," అన్నాడు. సాయంత్రానికల్లా నాలుగు పేజీలు ప్రింట్ తీసి, స్టేపుల్ కొట్టి, ఆమె బల్ల మీద పెట్టాడు. పక్కనే నేనున్నాను. నన్ను కూడా అడిగాడు, "మీకూ ఒక కాపీ ఇమ్మంటారా, ఓంకార్ గారూ?"

"అవసరం లేదు బ్రదర్."

అవసరం ఎంత లేదంటే, మర్నాడు హర్షిణి నీళ్ళ బాటిల్ నింపుకోవడానికి లేవగానే వంగి ఆ కాగితాలకు ఫోన్లో ఫొటోలు తీశాను. మా ఆఫీసులో బాటిల్ నిండటానికి నలభై సెకన్లు. నాలుగు పేజీలకు అవి చాలవు. ఒకటి, రెండు, నాలుగు తీశాను. మూడో పేజీ రెండోదానికి అతుక్కుని ఉంది. మొదట్లో ఏం చెయ్యాలో ఉంది, చివర్లో తెర మీద పేజీ ఎలా తెరవాలో ఉంది. మధ్యలో ఏముంటుంది, ఉపోద్ఘాతం తప్ప?

ఆదివారం కూర్చుని కాగితంలో ఉన్నదున్నట్టు మా ల్యాప్‌టాప్‌లో కొట్టాను. అందులో చాంతాడంత తాళం ఒకటుంది. అక్షరాలు, అంకెలు కలిపి నూట ఎనభై. అదీ కొట్టాను. హోటల్ గోడ మీద వైఫై పాస్‌వర్డు ఉంటుంది చూడండి, అలా అందరికీ ఒకటే అనుకున్నాను. నేను మార్చింది ఒక్కటే. చప్పట్ల బదులు గుడి గంట పెట్టాను. నాలుగో పేజీలో ఒక నల్లగళ్ళ చతురస్రం ఉంది, ఫోనుతో స్కాన్ చేస్తే పేజీ తెరుచుకుంటుందట. వైఫై ఆపేసి, వీధి చివరి దాకా నడిచి స్కాన్ చేశాను. తెరుచుకుంది. మా హాలు. మా ఫ్రిజ్ ముందు మా నానమ్మ, వక్క కొరుకుతూ.

నేను నడిరోడ్డు మీద ఎగిరాను. ఒక షేర్ ఆటో ఆగింది, ఎక్కుతాననుకుని.

సోమవారం ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువ. నా సీటు తుడుచుకున్నాను. రెండో కుర్చీ తెచ్చి వేశాను. హర్షిణిని పిలవడానికి లేచేసరికి ఉదయ్ భాస్కర్ సీటు దగ్గర పెద్ద అరుపు. పరుగెత్తుకెళ్ళాను. పదిహేను మంది భుజాల మధ్య సందులోంచి తెర కనబడింది.

తెర మీద మా నానమ్మ ఉంది.

"తిన్నవా బిడ్డా?" అంది. మొత్తం పదిహేను మందిని ఒకేసారి. "ఏం తిన్నవ్? పెరుగన్నం తిను, ఎండలు బగ్గ ఉన్నయి. మొఖాలన్ని పీక్కపోయి ఉంటయి, నాకు కానొస్తలేదు గని."

"తిన్నం అమ్మమ్మా!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. మా మేనేజర్ శివశంకర్ గారు. ఆయన అరవడం నేనదే వినడం.

ఉదయ్ భాస్కర్ తెల్లబోయాడు. "ఎవరండీ ఈవిడ? మా మేడ ఏదండీ?"

హర్షిణి మళ్ళీ బటన్ నొక్కింది. నొక్కిన ప్రతిసారీ పేజీ కొత్తగా తెరుచుకుంటుంది. మేడ, వడియాలు, పావురాలు. ఇంకోసారి నొక్కింది. మా నానమ్మ. "మల్లేమైంది బిడ్డా?"

అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. నేను నా సీటుకు పరుగెత్తి నా పేజీ తెరిచాను. పావురాలు. మళ్ళీ తెరిచాను. నానమ్మ. మళ్ళీ. పావురాలు. తెల్లది నన్నే చూస్తోంది.

హర్షిణి బల్ల మీద ఆ కాగితాలు అలాగే ఉన్నాయి. మూడో పేజీ తిప్పాను. పెద్ద అక్షరాలు, కింద రెండు గీతలు. "పైన రాసిన తాళం నాది. దయచేసి దాన్ని తీసేసి ఎవరి తాళం వాళ్ళు తీసుకుని పెట్టుకోవాలి. ఇదే తాళం ఇంకో ఇంట్లో వాడితే, మధ్యనున్న సర్వీసు రెండిళ్ళూ ఒకరివే అనుకుని, వచ్చినవాళ్ళను కాసేపు అటు, కాసేపు ఇటు పంపిస్తుంది."

దయచేసి అని కూడా రాశాడు.

ఇంటికి ఫోను చేసి ఫ్రిజ్ పక్క స్విచ్ ఆపమంటే ఐదు సెకన్లలో అయిపోయే పని. ఫోను తీశాను కూడా. కానీ అటు హర్షిణి నవ్వు వినబడుతోంది. తల వెనక్కి వేసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. రెండేళ్ళ నాలుగు నెలల్లో నా ఎదురుగా అలా నవ్వలేదు. ఆ నవ్వు మాది. లింగంపల్లిలో మా ఫ్రిజ్ ముందు తయారై అతని సీటులో పంపిణీ అవుతోంది. ఆపేస్తే ఆగిపోతుంది. నాదే అని చెబితే తాళం ఎక్కడిదని అడుగుతారు. ఫోను జేబులో పెట్టుకున్నాను.

మంగళవారానికి పదో అంతస్తు వాళ్ళు దిగి వచ్చారు. బుధవారానికి "ఉదయ్ వాళ్ళ అమ్మమ్మ" అనే పేరు స్థిరపడింది.

"మా అమ్మమ్మ కాదండీ. మాకసలు ఇటువైపు చుట్టాలే లేరు," అని ఉదయ్ భాస్కర్ అందరికీ చెబుతున్నాడు. ఎవరూ నమ్మట్లేదు. నమ్మకపోగా ఎంత సింపుల్ మనిషో అని మెచ్చుకుంటున్నారు. మా నానమ్మ గొప్ప అతని ఖాతాలో పడింది, ఆ గొప్ప వద్దన్న గొప్ప కూడా అతనికే పడింది. నాకేం మిగిలింది? సాయంత్రం ఇంటికెళ్తే చీవాట్లు.

"ఇయ్యాల నలభై సార్లు కొట్టిన్రు," అంది నానమ్మ. "చాయ తాగనిస్తలేరు. గా పిల్ల వచ్చిందా నీ తానకి?"

"వస్తది."

"ఎప్పుడు? నేను సచ్చినంకనా?"

బుధవారం మధ్యాహ్నం ఉదయ్ భాస్కర్ డబ్బా తెరవకుండా కూర్చున్నాడు. ఏమైందని హర్షిణి అడిగింది.

"వడియాలు ఒక్కటి మిగల్లేదండీ. మనం నొక్కిన చప్పట్లు సగం ఆ పెద్దావిడ ఇంటికి పోతున్నాయి కదా. పావురాలు కనిపెట్టేశాయి. చీర కూడా దులిపినట్టు శుభ్రంగా ఉంది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ పెట్టెను నమ్ముకుని మేడ దిగానురా అంది మా అమ్మ. నిన్నటి నుంచి నాతో మాట్లాడట్లేదండీ. ఇంక రేపు లంచ్ అయ్యాక ఈ పేజీ మొత్తం తీసేసి, తాళం మార్చేస్తాను. ఆ పెద్దావిడ ఎవరో గానీ, ఆవిడకి కూడా ఇబ్బందే కదండీ."

నాకు సంతోషం కలగాలి. కలిగింది. కానీ సగ్గుబియ్యం గింజంత.

గురువారం ఆఖరిరోజని తెలిసి ఫ్లోరు ఫ్లోరంతా వచ్చింది. కుర్చీల మీద ఎక్కి నిలబడ్డారు. నేను అందరికన్నా వెనక, ప్రింటరు పక్కన నిలబడ్డాను. ఈ లంచ్ ఒక్కటి గడిస్తే చాలు. ఆ తర్వాత తాళం మారుతుంది, మా నానమ్మ ఎవరో ఎవరికీ తెలియదు, నేను నాకొక సొంత తాళం తెచ్చుకుని మెల్లగా అదే నానమ్మను కొత్తగా ప్రవేశపెట్టవచ్చు. పథకంలో లోపాలున్నాయని ఇప్పుడు కనబడుతోంది.

హర్షిణి నొక్కింది. పావురాలు. నొక్కింది. పావురాలు. నొక్కింది. మా నానమ్మ కుర్చీలో లేదు. దూరంగా గొంతు వినబడింది, "వస్తున్న, వస్తున్న, జర ఆగున్రి." వచ్చింది. కొంగు సర్దుకుని నిదానంగా కూర్చుంది. కెమెరాలోకి చూసింది. ఆమె అలా చూస్తే మా తాత అన్నం పళ్ళెం పట్టుకుని వాకిట్లోకి పోయేవాడట.

"ఒరేయ్ ఓంకారూ," అంది.

నేను ప్రింటరు వెనక్కి జరిగాను.

"ఎన్నిసార్లు కొడ్తవురా గంట? నేనేమన్న మనిషినా, గుళ్ళె దేవున్నా? గా హర్షిణి వచ్చి నీ తాన కూసున్నదా లేదా, గది చెప్పు ముందుగాల. నాలుగు దినాలాయె నన్నీడ కూసోబెట్టి." వక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చింది. "బిడ్డా హర్షిణీ, ఆడ ఉన్నవా? ఉంటే ఇను. మావోడు చెడ్డోడు కాదు. నోరు పెద్దగ, అంతే. నువ్వు వానితోని తింటలేవని, గా పావురాల పిలగాని మీద కుళ్ళుకుంట, నెల దినాల సంది డబ్బ సగం ఇడిసి తెస్తున్నడు. గీ కంప్యూటర్ పెట్టె, గీ గంట, గిదంత నీ కోసమే బిడ్డా. సిగ్గిడిసి చెప్తున్న. నోరు తెరిచి అడగరా అంటె వానికి రాదు. అన్ని మాట్లాడ్తడు, గదొక్కటి మాట్లాడడు. ఇగ పావురాల పిలగాడు గూడ మంచోడే ఉంటడు. తల్లి వడియాలు కాస్తున్నడంటె మంచోడే. ముగ్గురు కలిసి తినున్రి, ఎవలు వద్దన్నరు? నాకు మాత్రం గంట కొట్టకున్రి. నేను పండుకుంట."

లేచి వెళ్ళిపోయింది. తెర మీద ఖాళీ కుర్చీ, వెనక మా ఫ్రిజ్. దాని తలుపుకు నా చిన్నప్పటి ఫొటో అయస్కాంతంతో అతికించి ఉంది. అరగుండుతో ఉన్న ఫొటో. కెమెరా అంత బాగా చూపిస్తుందని నాకు తెలియదు.

ఫ్లోరు మొత్తం ప్రింటరు వైపు తిరిగింది. ప్రింటరు చాలా చిన్నది.

ముందు మాట్లాడింది ఉదయ్ భాస్కర్. కోపం వస్తుందనుకున్నాను. అతని ముఖంలో ఉన్నది అంతకంటే ఘోరమైనది, నొచ్చుకోవడం.

"ఓంకార్ గారూ, మీరు మూడో పేజీ చదవలేదా అండీ?"

"అది ఫొటో తియ్యలేదు."

"ఫొటో ఏంటండీ? అడిగితే ఇంకో ప్రింటు ఇచ్చేవాణ్ణి కదా. అడిగాను కూడా మిమ్మల్ని."

"అడిగినవ్ బ్రదర్." ప్రింటరు వెనక నుంచి బయటికొచ్చాను. "మీ అమ్మగారికి నేను చెప్త. ఇయ్యాలనే వస్త. తప్పు నాది. చప్పట్లు మా ఇంటికి నేనే తెచ్చుకున్న."

"సరే అండీ," అన్నాడు. "కానీ ఖాళీ చేతుల్తో రాకండి. సగ్గుబియ్యం తెండి. ఆవిడ ముందు అదే అడుగుతుంది."

హర్షిణి కుర్చీలోంచి లేచింది. డబ్బా మూత పెట్టి, తీసుకుని, నడిచి వెళ్ళిపోయింది. జనం దారి ఇచ్చారు. నేను వెనకే వెళ్ళాను. శివశంకర్ గారు నా భుజం తట్టారు, శవం వెంట వెళ్ళేవాణ్ణి తట్టినట్టు.

క్యాంటీన్లో ఆమె కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. ఎదురుగా కుర్చీ లేదు. మూల నుంచి ఒకటి ఈడ్చుకొచ్చాను.

"కూసో. మాట్లాడకు," అంది.

కూర్చున్నాను. మాట్లాడలేదు. ఈ రెండూ కలిపి చేయడం నాకు మొదటిసారి.

"నేను పావురాల కోసం పోయిననుకున్నవా?"

తల ఊపాను.

"రెండేండ్లాయె ఓంకార్. చార్మినార్ గడియారం ఇన్న. మీ గల్లీల చిరుత ఇన్న. నువ్వు ముఖ్యమంత్రికి దారి చూపిచ్చుడు ఇన్న. మంచిగనే ఉంటయి, నవ్వొస్తది. కాని మొదటి దినం ఉదయ్ నన్నేమడిగిండో ఎరుకేనా? 'మీరు నొక్కుతారా' అన్నడు. గంతే. ఎవలన్న నన్నొకటి అడిగి ఎన్ని దినాలైందో నాకే యాది లేకుండె." డబ్బా మూత తీసింది. "నీకు కుళ్ళుకునేటందుకు టైమున్నది. ల్యాప్‌టాపు ఫ్రిజ్ మీద పెట్టేటందుకు టైమున్నది. నన్నొక మాట అడిగేటందుకు లేదు."

నా దగ్గర మంచి జవాబులు నాలుగున్నాయి. నాలుగూ నవ్వొచ్చేవే. మింగాను.

ఉదయ్ భాస్కర్ తన డబ్బా పట్టుకుని వచ్చి రెండడుగుల దూరంలో ఆగాడు. "కూర్చోవచ్చా అండీ? ఆ పెద్దావిడ చెప్పింది కదా, కలిసి తినమని."

"కూసో ఉదయ్," అంది హర్షిణి.

మూడో కుర్చీ కూడా నేనే తెచ్చాను. తెస్తూ పళ్ళు నూరిన చప్పుడు ఎవరికీ వినబడలేదు, కుర్చీ కాళ్ళ చప్పుడులో కలిసిపోయింది.

మళ్ళీ కూర్చుని, ఆమె డబ్బా వైపు చూశాను. ఎన్ని వందల సార్లు అందులో చెయ్యి పెట్టాను. "ఇయ్యాల ఏం తెచ్చినవ్?" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "బీరకాయ. నువ్వుల పొడి ఏసి."

"మీ అమ్మ చేసిందా?"

"మా అమ్మ బ్యాంకుల చేస్తది, ఎనిమిదింటికే పోతది. నేనే వండుత. అయిదింటికి లేసి."

"ఎప్పటి సంది?"

"ఎప్పటి సందేంది? మొదటి సంది. నువ్వు తిన్నయన్ని నేను వండినయే."

"అవునండీ," అన్నాడు ఉదయ్ భాస్కర్, సాయంగా. "నువ్వుల పొడి కూడా ఆవిడే కొడతారు. నాకు రెండోరోజే చెప్పారు."

రెండోరోజే. నాకు రెండేళ్ళ నాలుగు నెలలు, అతనికి రెండు రోజులు. లోపల ఏదో నిప్పంటుకుంది. దాన్ని అలాగే ఉంచుకుని ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. ఈసారి ఏమీ చెప్పకుండా నమిలాను. బీరకాయ లేతగా ఉంది. నువ్వులు కొంచెం ఎక్కువ వేగాయి. ఇంకొకటి కూడా ఉంది.

"ఉప్పు జర తక్కువైంది," అన్నాను.

బల్ల కింద ఉదయ్ భాస్కర్ కంగారుగా నా కాలు తొక్కాడు. "లేదండీ, చాలా బాగుంది, సరిగ్గా సరిపోయింది," అన్నాడు గబగబా.

హర్షిణి తనూ ఒక ముద్ద తిని చూసింది. ఆలోచించింది. "అవును, తక్కువైంది," అంది. "పొద్దుగాల కరెంటు పోయింది, చీకట్ల ఏసిన. గిన్ని దినాలకు ఒక్కడన్న చెప్పిండు."

అని డబ్బాను నా వైపు ఇంకొంచెం జరిపింది.

ఉదయ్ భాస్కర్ డబ్బా వైపు చూశాడు. జరిగిన దూరం చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. అప్పుడతని ముఖంలో ఒకటి కనిపించింది. చిన్నదే, ఇంకా కళ్ళు కూడా తెరవలేదు. కానీ అదేమిటో నాకంటే బాగా గుర్తుపట్టేవాడు సైబరాబాదులో లేడు. తృప్తిగా చూసుకుని, రెండో ముద్ద కలుపుకున్నాను.